కిటికీ పక్క మిషను

సెకి, అక్టోబరు

మామయ్యగారికి,

విడాకుల కాగితాల మీద ముద్రలు పడ్డాక మిమ్మల్ని ఇంకా ఇలా పిలవవచ్చో లేదో నాకు తెలియదు. మరెలా పిలవాలో అంతకంటే తెలియదు. మీ అబ్బాయి షుంజికి నేనిప్పుడు ఏమీ కాను గానీ, మీ దగ్గర పని నేర్చుకున్న మనిషిని కాకుండా పోలేదు కదా. అందుకని అలవాటైన పిలుపే రాస్తున్నాను. బాగాలేదంటే మార్చుకుంటాను.

మీరు పంపిన మెరుగు పెట్టే బఫింగ్ మిషను క్షేమంగా చేరింది. లారీ అతను దించుతూ, "ఏంటమ్మా ఇది, ఇనప పందిపిల్లలా ఉంది!" అన్నాడు. నిజమే, మధ్యలో మోటారు పొట్ట, అటూ ఇటూ గుడ్డ చక్రాలు తగిలించే కొనలు, నాకూ అలాగే కనిపించింది. కానీ దీనికి ఆకుపచ్చ రంగు ఎందుకు వేశారు? చెంచాలు మెరుగు పెట్టే మన షెడ్డులో రెండు మిషన్లూ నల్లవే కదా. కిటికీ పక్కది మీది, తలుపు పక్కది నాది. నాదానికి పాదం దగ్గర చిన్న పగులుండేది, దీనికి లేదు. అతికించారా?

గ్యారేజీ అద్దెకిచ్చిన ముసలమ్మ మంచిదే. వాళ్లాయన ఇందులో చిన్న ట్రక్కు పెట్టుకునేవాడట. కడిగిన నీళ్లు బయటికి పోవాలని నేలను వీధివైపు వాలుగా పోశారు. "నేలకు మాత్రం చిల్లులు పెట్టకమ్మా, ఆయన స్వయంగా పోసుకున్నది" అని ముందే చెప్పింది. దాంతో లావుపాటి చెక్కలతో బల్ల చేయించి, మిషనును దానికి బోల్టులతో బిగించి స్విచ్చు వేశాను. బల్ల, మిషను, నా టీ కప్పు, అన్నీ కలిసి వీధివైపు నడవడం మొదలుపెట్టాయి. నేను వెనక పరిగెత్తాను.

నవ్వులాట కాదు. ఇక్కడి కత్తుల కార్ఖానా యజమాని హచియా గారు ఉక్కు పిడులు మెరుగు పెట్టే పని బయటివాళ్లకు ఇస్తారు. నా నమూనాలు నచ్చితే ఆ పనంతా నాకే. నచ్చకపోతే ఈ గ్యారేజీ ఖాళీ చేసి, త్సుబమె తిరిగొచ్చి, మా అన్నయ్య ఇంట్లో వదిన చెప్పినట్టు ముల్లంగి తరుగుతూ కూర్చోవాలి. ఆ బతుకు నాకొద్దు. బల్ల నడవకుండా ఏం చేయాలో చెప్పండి.

నత్సుయే

త్సుబమె, అక్టోబరు చివర

నత్సుయేకి,

ఉత్తరం మొదట్లో వాతావరణం సంగతి రాయాలట. వాన. సరే, ఆ పని అయిపోయింది.

నువ్వు మామయ్యా అన్నా, ముసలోడా అన్నా నా చెవికి ఒకటే. మిషన్ల రొదలో అవి ఎప్పుడో పోయాయి. అందుకే పక్కింటికి ఫోను చేసి పిలిపించకు, నేను ఊఁ ఊఁ అని పెట్టేస్తాను. ఉత్తరమే రాయి.

బల్ల మీద పెట్టావా? అదేమన్నా ఊరగాయ జాడీ అనుకున్నావా? నా షెడ్డులో దాని పాదం నేలలో పాతి ఉండేది. ఇన్నేళ్లూ రోజూ చూశావు, నీ బుర్రలోకి మాత్రం ఎక్కలేదు. నేలకు చిల్లు పెట్టొద్దంటే పెట్టకు. చెక్క పెట్టె చేయించి, నేల వాలుకు తగ్గట్టు కింద చీలికలు దోపి, రసమట్టం పెట్టి చూసుకుని, నిండా కాంక్రీటు పోయి. తడిగా ఉన్నప్పుడే బోల్టులు తలకిందులుగా నిలబెట్టు. తొందరపడకు, బాగా ఆరనీ. ఆ దిమ్మ మీద పాత టైరు ముక్కలు పరిచి, వాటి మీద మిషను పెట్టు. నట్లు ఒకదాని తర్వాత ఒకటి పూర్తిగా బిగించేయకు. ఎదురెదురువి కొంచెం కొంచెంగా బిగిస్తూ రా. దిమ్మ బరువే దాన్ని పట్టుకుంటుంది.

రంగు సంగతా, తుప్పు పడుతోందని వేశాను. పగులు సంగతి నాకు గుర్తు లేదు.

తోకుజో

సెకి, నవంబరు

మామయ్యగారికి,

దిమ్మ పోశాను. ఆరేదాకా రోజూ దాని చుట్టూ తిరిగాను. ఇంటి ముసలమ్మ, "పొదిగే కోడి దగ్గర కూర్చున్నట్టు కూర్చున్నావేంటే" అని ఎగతాళి చేసింది. మీరన్నట్టే ఎదురెదురు నట్లు బిగించాను. స్విచ్చు వేసి దిమ్మ మీద నాణెం నిలబెడితే పడలేదు. కుదిరిందనుకున్నాను.

కుదరలేదు. కత్తి పిడి చక్రానికి ఆనించగానే చెయ్యి లాగేస్తోంది. ఎప్పటిలాగే చక్రం మధ్యకు కాస్త కిందుగా పట్టుకుంటున్నాను. మెరుగు ముద్ద కూడా మన ఊరిదే. అయినా పిడి అంచులు పసుపెక్కి, ఆ తర్వాత నీలం తిరిగిపోతున్నాయి. తళుకులో అలలు కనిపిస్తున్నాయి. నిన్న ఒక పిడిని చక్రం లాక్కుని గోడకు విసిరింది. నాకేం కాలేదు, గోడకు మాత్రం గుంట పడింది.

నాకేమీ అర్థం కావడం లేదు. ఇది నా చెయ్యేనా అని అనుమానంగా ఉంది. పెళ్లితో పాటు పని కూడా పోయిందా? ఒక్క సాయం చేయండి. ఇందులో నా కొత్త చక్రమొకటి పెడుతున్నాను. మీ కిటికీ పక్క మిషనుకు తగిలించి, ఏ చెంచా మీదనైనా పట్టి చూడండి. అక్కడా కాలిస్తే తప్పు చక్రానిది. కాల్చకపోతే నాది.

నత్సుయే

త్సుబమె, నవంబరు చివర

నత్సుయేకి,

మంచు మొదలైంది. ముందే వచ్చింది.

పిచ్చి మాటలు రాయకు. చెయ్యి ఎక్కడికీ పోదు. నువ్వు కంగారులో అదిమి పట్టి ఉంటావు. పిడిని చక్రం మీదికి నెట్టకు, చక్రానికి అప్పజెప్పు. కోపంగా ఉన్నప్పుడు నువ్వు అదుముతావు, నేను చూశాను. షుంజితో గొడవపడి వచ్చిన రోజుల్లో నీ చెంచాలన్నీ మీ అత్తయ్య తీసి పక్కన పెట్టేది. ఆమె పోయాక ఆ పని నేను చేశాను.

నీ చక్రం కుట్లు బాగానే ఉన్నాయి. వేలితో తడిమి చూశాను. గుడ్డ కూడా మంచిదే. తిరిగి పంపుతున్నాను. చక్రం మీద తప్పు లేదు.

రాత్రి పూట పని చేయకు. బాగా తిను. అక్కడ సోయా ముద్దతో కాచే ఎర్ర మిసో పులుసు తాగితే ఎవరికైనా చెయ్యి వణుకుతుంది.

తోకుజో

సెకి, డిసెంబరు

మామయ్యగారికి,

మీరు చక్రాన్ని తడిమి చూశానన్నారు. మిషనుకు తగిలించి చూశానని మాత్రం రాయలేదు. నేను అడిగింది తడమమని కాదు.

హచియా గారికి నమూనాలు ఇచ్చాను. ఆయన ఒక్కో పిడినీ వెలుతురులో తిప్పి చూసి, "ఏంటమ్మా, అన్నం అడుగంటినట్టు ఉన్నాయి. త్సుబమె నుంచి వచ్చానన్నావుగా?" అన్నారు. మెరుగు పనికి పేరుపడ్డ మన ఊరిని ఎత్తిన ఆ చివరి మాటకు నాకు తల కొట్టేసినట్టయింది. పక్కనున్న పనివాళ్లు తలలు వంచుకుని నవ్వుకున్నారు. ఆయన చెడ్డవారు కాదు. "కొత్త చోటు కదా, సర్దుకోవడానికి టైం పడుతుంది. మంచు కరిగే లోపు ఇంకోసారి చూపించు. అప్పుడూ ఇంతే అయితే వేరేవాళ్లను చూసుకుంటాను" అన్నారు.

మెల్లగా పట్టాను. అప్పజెప్పాను. కోపం లేని రోజు చూసి పట్టాను. నవ్వుతూ కూడా పట్టాను, ఇంటి ముసలమ్మ నాకు పిచ్చెక్కిందనుకుంది. అయినా కాలుస్తోంది. తప్పు దిమ్మదేమోనని విప్పి, టైరు ముక్కలు మార్చి మళ్లీ బిగించాను. వాలు చూశాను, కొనలు వంకర ఉన్నాయేమోనని చూశాను. అన్నీ సరిగానే ఉన్నాయి. అన్నీ సరిగా ఉండి పని ఎందుకు చెడుతుందో నాకు బోధపడటం లేదు.

దయచేసి మీ మిషను మీద ఒక్కసారి పట్టి చూసి, ఏమైందో రాయండి. అంతే అడుగుతున్నాను.

నత్సుయే

త్సుబమె, డిసెంబరు

నత్సుయేకి,

పట్టి చూడటం కుదరదు. ఎందుకని అడగకు.

నాకూ అర్థం కావడం లేదు. పెట్టెలో పెట్టే ముందు నేనే దాన్ని తిప్పి చూశాను. వెన్నలా తిరిగింది. నీకు చెడ్డ మిషను పంపలేదు. అంతకంటే చెప్పడానికి నా దగ్గర ఏమీ లేదు.

కొత్త సంవత్సరానికి మోచీలు, బియ్యపు ముద్దలు, పంపుతున్నాను. పక్కింటివాళ్లు దంచారు.

తోకుజో

సెకి, జనవరి

తెరషిమా గారికి,

మోచీలు అందాయి. కృతజ్ఞతలు. ఈసారి మిమ్మల్ని మీ ఇంటిపేరుతో పిలుస్తున్నాను, నా పుట్టింటి పేరుతో సంతకం పెడుతున్నాను.

ఈ ఉత్తరం రాయకూడదనుకున్నాను, కానీ లోపల పెట్టుకుంటే నాకే ప్రమాదం. ఇది నా మిషను కాదు. పగులు అతికితే గుర్తు ఉంటుంది. రంగు గీకి చూశాను, ఆ గుర్తు లేదు. నా మిషను కాకపోతే, మీరు మీ కిటికీ పక్కది ఇచ్చేవారు కాదు, దాన్ని ఎవరినీ ముట్టుకోనిచ్చేవారే కాదు. ఇక మిగిలింది ఒకటే. షెడ్డు వెనక వానకు తడుస్తూ పడుండే ఆ పాత మిషను. దానికి రంగు పూసి పంపారా? మంచిదాన్ని అక్కడే ఉంచుకున్నారు కాబట్టే పట్టి చూడమంటే కుదరదంటున్నారా? ఇంటి నుంచి పోయిన ఆడదానికి ఇది చాల్లే అని షుంజి అన్నాడా, మీరు సరే అన్నారా?

అలా జరిగి ఉండదని నాకు తెలుసు. కానీ ఏం జరిగి ఉంటుందో తెలియడం లేదు. అందుకే ఇలాంటి ఆలోచనలు వస్తున్నాయి. మీ మీద కోపం రావడం నాకు చాలా బాధగా ఉంది.

ఇక్కడికొచ్చాక నా వస్తువులన్నీ నాతో గొడవకు దిగాయి. మీరు పెళ్లిలో ఇచ్చిన పాత రికార్డు ప్లేయరు కూడా. అత్తయ్యకు ఇష్టమైన ఆ గాయని పాట పెడితే, తోకకు నిప్పంటుకున్నట్టు గబగబా పాడి ముగిస్తోంది, అదీ చిన్నపిల్ల గొంతుతో. ఇంటి ముసలమ్మ విని, "మీ ఊళ్లో పాటలు ఇలాగే పాడతారా?" అని అడిగింది. లారీ కుదుపులకు అదీ పాడైనట్టుంది. సరే, పాట లేకపోయినా బతకొచ్చు.

మిషను అమ్మి అద్దె కట్టి, ఇక్కడ ఖాళీ చేద్దామనుకుంటున్నాను. అది మీదే కాబట్టి ముందు అడుగుతున్నాను.

నొజాకి నత్సుయే

త్సుబమె, జనవరి చివర

నత్సుయేకి,

అమ్మకు. దాన్ని ముట్టుకోకు. స్విచ్చు కూడా వేయకు. ముందు ఇది పూర్తిగా చదువు.

నీ ఉత్తరం చదివి ఆ రోజు అన్నం ముట్టలేదు. సాయంత్రం ఊరందరి స్నానశాలకు వెళ్లి వేడి నీళ్లలో కూర్చుంటే, ఎదురుగా కరెంటు సామాన్ల కొట్టు సుగయ ఉన్నాడు. "మొహం అలా పెట్టారేంటండీ?" అని నా చెవి దగ్గర అరిచాడు. అందరికీ వినపడేలా నేనూ అరుస్తూ చెప్పాను. మిషను కాల్చడం గురించి చెప్పినంతసేపూ ఊఁ కొట్టాడు. పాట సంగతి చెప్పేసరికి మనిషి నీళ్లలో మునిగిపోయేంత నవ్వాడు.

"తోకుజో గారూ, మీ కోడలు పడమటి దేశం వెళ్లిందండీ! అక్కడి కరెంటే వేరు!"

దేశం ఒకటే అయినా, తూర్పున మన వైపు కరెంటు సెకనుకు యాభై సార్లు కొట్టుకుంటుందట, పడమట మీ వైపు అరవై సార్లు. దీపానికి పట్టింపు లేదు. మోటారు మాత్రం కరెంటు ఎంత తరిమితే అంత పరిగెడుతుంది. ఇక్కడ తిరిగిన దానికంటే అక్కడ ఐదింట ఒక వంతు ఎక్కువ తిరుగుతోంది. నీ రికార్డు ప్లేయరూ అంతే. చక్రం అంచు అంత జోరుగా రాసుకుంటే ఎవరి చేతిలోనైనా పిడి కాలుతుంది. ఇది బడిలో పిల్లలకు కూడా చెబుతారట. ఆ రోజు నువ్వూ నేనూ ఇద్దరం బడి ఎగ్గొట్టినట్టున్నాం. నేను పుట్టి బుద్ధెరిగాక మన నీగత జిల్లా దాటి పని చేయలేదు. మిషను ఎక్కడైనా మిషనే అనుకున్నాను. అక్కడ నీకు లైను కలిపినవాడు కూడా తిరుగుతోంది కదా అని వెళ్లిపోయి ఉంటాడు.

తప్పు నీ చేతిది కాదు. ఇది రాస్తుంటే నాకెంత హాయిగా ఉందో చెప్పలేను.

మోటారు వేగం తగ్గించలేం. చక్రం చిన్నదైతే అంచు జోరు దానంతటదే తగ్గుతుంది. నువ్వు వాడే చక్రంలో ఆరింట ఒక వంతు తగ్గిన సైజు చాలు. కొత్తవి కోయకు. అరిగి అరిగి ఆ సైజుకు వచ్చిన నా చక్రాలు మూటగా పంపుతున్నాను. వాటి మీద మన మెరుగు ముద్ద బాగా పట్టి ఉంది, కొత్తవాటికంటే మెత్తగా పని చేస్తాయి.

ఇక రెండో సంగతి. నీ దగ్గరున్నది వెనక పడున్నది కాదు. కిటికీ పక్కది. నాది.

నువ్వు వెళ్లిన నెలలోనే షుంజి షెడ్డు పడగొట్టించి కారు పెట్టుకోవడానికి చోటు చేసుకున్నాడు. నీ మిషనూ, ఆ వెనకదీ ఇనప సామాను వాడికి వేసేశాడు. నాదాని మీద నేను ఎక్కి కూర్చుని లేవనన్నాను. "దీన్ని ఎక్కడ పెడతావు నాన్నా, పడకగదిలోనా?" అన్నాడు. వాడన్నదాంట్లో న్యాయం ఉంది. చోటు లేదు. అప్పుడు నువ్వు గుర్తొచ్చావు. నాదని తెలిస్తే నువ్వు తీసుకోవు, అందుకని రంగు వేశాను. పట్టి చూడమన్నప్పుడల్లా ఏం రాయాలో తెలియక ఏదో రాశాను. తగిలించి చూడటానికి నా దగ్గర ఏముంది?

ఈ మధ్య మీ అత్తయ్య పూజ దగ్గరి గంటను గుడ్డతో తోముతున్నాను. రోజూ అదే పని. ఇలాగే తోమితే వేసవికి అది అరిగిపోతుందేమో.

తోకుజో

సెకి, ఫిబ్రవరి

మామయ్యగారికి,

మీ ఉత్తరం చదివి గ్యారేజీ నేల మీద కూర్చుని ఏడ్చాను. ముందు సిగ్గుతో, తర్వాత మీ మీద కోపంతో. ఒక్క ముక్క రాస్తే ఏం పోయేది? మీ మిషను పక్కన నిలబడి మీ మీదే అంత మాట రాశాను. రాయనిచ్చారు. క్షమించండి అని అడుగుతున్నాను గానీ, మీరు కూడా అడగాలి.

మూట అందింది. అరిగిన చక్రం తగిలించి, భయపడుతూ పిడి ఆనించాను. చెయ్యి గుర్తుపట్టింది. లాగలేదు, కాల్చలేదు. పిడిలో నా ముక్కు కనపడింది, ముక్కు మీద నల్ల మసి కూడా. అప్పుడు గట్టిగా నవ్వాను, ముసలమ్మ మళ్లీ తొంగి చూసింది.

హచియా గారు పిడులను వెలుతురులో తిప్పలేదు. ఒకదాన్ని మొహం దగ్గర పెట్టుకుని చాలాసేపు చూశారు. తర్వాత కనుబొమలో తెల్ల వెంట్రుకొకటి పట్టుకుని పీకేసి, "ఎల్లుండి నుంచి పెట్టెలు పంపిస్తాను" అన్నారు. వెళ్తూ వెళ్తూ, "ఎవరి దగ్గర నేర్చుకున్నావు?" అని అడిగారు. మీ పేరు చెప్పాను. ఆ ఇంటి పేరు వాడుకునే హక్కు నాకు ఉందో లేదో తెలియదు. అయినా చెప్పాను.

పెట్టెలు రావడం మొదలైంది. ఒక్కదాన్ని చేయగలిగిన దానికంటే ఎక్కువ వస్తున్నాయి. నేను ఒక్కదాన్నే కదా అని ఇన్నాళ్లూ మిషను ఎడమ కొన గోడకు ఆనేంత దగ్గరగా దిమ్మ పెట్టుకున్నాను. నిన్న హచియా గారి మనుషులను పిలిచి, దిమ్మ కింద గొట్టాలు దోపి, దాన్ని గ్యారేజీ మధ్యకు దొర్లించాను. మళ్లీ రసమట్టం, మళ్లీ చీలికలు, మళ్లీ నట్లు. ఇప్పుడు ఎడమ వైపు కూడా ఒక మనిషి నిలబడేంత చోటు ఉంది. ఆ కొనకు చక్రం పెట్టలేదు. అక్కడ పని చేసేవాళ్లు ఎలాంటిది వాడతారో నేనెలా నిర్ణయిస్తాను?

రండి మామయ్యగారూ. పక్క గదిలో ముసలమ్మ పరుపు వేయిస్తానంది. మీరు నాకేమవుతారని ఊళ్లోవాళ్లు అడిగితే ఏం చెప్పాలో నాకు తెలియదు. ఇద్దరం కలిసి ఏదో ఒకటి చెబుదాం.

నత్సుయే

త్సుబమె, మార్చి

నత్సుయేకి,

నేను కూడా అడుగుతున్నాను, క్షమించు. ఇక ఆ మాట మళ్లీ ఎత్తకు.

షుంజికి చెప్పాను. "ఆవిడ నీకేమవుతుందని వెళ్తావు నాన్నా?" అన్నాడు. మర్నాడు స్టేషనుకు వెళ్లి టికెట్టు కొన్నాను. పెట్టె కూడా సర్దేశాను. రైల్లో ఎవరైనా పలకరిస్తే నాకు వినపడదు కాబట్టి దారిలో ఇబ్బంది లేదు.

నాకు ఎర్ర మిసో పులుసు పెట్టకు. చక్రాలు నావి నేను తెచ్చుకుంటాను.

మిషనును నువ్వు నీ ఎత్తుకు సరిపడా బిగించుకుని ఉంటావు. నేను నీ భుజం దాకా కూడా రాను. నాకోసమని దాన్ని దించకు. పీట నేనే తెచ్చుకుంటాను.

తోకుజో